చుక్కాని వదలగలిగినంత సేపు: ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవకు తాళ్ల అమరిక

ఇద్దరున్న తెరచాప పడవలో పని ఇట్టే పంపకమవుతుంది. ఒకరు చుక్కాని పట్టుకుంటారు. మరొకరు స్తంభం దగ్గరికి వెళ్లి తెరచాపను ఎత్తుతారు, దించుతారు, గాలి ముదిరితే కుదిస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు ఈ పనుల్లో ఏదీ తగ్గదు. ఉన్నవి రెండు చేతులే, వాటిలో ఒకటి చుక్కానికి అంకితమై ఉంటుంది. దాన్ని వదిలేస్తే చాలా చిన్న పడవలు కొన్ని సెకన్లలోనే గాలికి ఎదురు తిరుగుతాయి, తెరచాపలు టపటపా కొట్టుకుంటాయి, వేగం పోయిన పడవ చుక్కానికి లొంగడం మానేస్తుంది. అందువల్ల ఒంటరి ప్రయాణానికి పడవను అమర్చడమంతా రెండు కాలాల లెక్క: చుక్కానిని ఎంతసేపు వదలగలం, ఒక్కో పని ఎంతసేపు వదలమని అడుగుతుంది. మొదటిదాన్ని పెంచాలి, రెండోదాన్ని తగ్గించాలి. తాళ్లు, కప్పీలు, తాడును బిగించి పట్టే క్లీట్ల గురించి నావికులు చేసే వాదనలన్నిటినీ ఈ లెక్కతోనే తూచవచ్చు.

ఇక్కడ చర్చకు తీసుకున్నది 5 నుంచి 8 మీటర్ల పొడవు, ఒకే స్తంభం, దాని వెనుక బూమ్ అనే అడ్డదూలానికి కట్టిన పెద్ద తెరచాప, ముందు జిబ్ అనే చిన్న తెరచాప, చక్రానికి బదులు పిడితో తిరిగే చుక్కాని ఉన్న పడవ. తెరచాపను పైకి లాగే తాడు హాల్యార్డ్. దాన్ని గాలికి తగినట్టు బిగించి వదిలే తాడు షీట్. పడవ ముందుకొసను అణియం అని, వెనుకకొసను అమరం అని పాత పడవవాళ్లు అనే మాటలే ఈ వ్యాసంలోనూ వాడుతున్నాం.

చుక్కానిని వదలగలిగే కాలాన్ని పెంచేది అన్నిటికంటే ముందు పడవ తూకం. తెరచాపల మీద గాలి బలానికి ఒక కేంద్రం ఉంటుంది, పడవ పక్కకు జారకుండా నీరు ఇచ్చే నిరోధానికి మరొక కేంద్రం ఉంటుంది. మొదటిది రెండోదానికి వెనకపడితే అణియం గాలి వైపు తిరగాలని చూస్తుంది. పెద్ద తెరచాప మరీ ఉబ్బుగా ఉన్నా, పడవ ఎక్కువగా ఒరిగినా ఈ గుంజుడు పెరుగుతుంది. పిడిని బలంగా లాగి పట్టుకోవలసి వస్తున్నదంటే చేతికి బలం చాలడం లేదని కాదు, తెరచాప ఎక్కువైందని అర్థం. దాన్ని చదును చేయడం, షీటును కాస్త వదలడం, చివరికి కుదించడం దీనికి మందు. అయితే ఈ గుంజుడును పూర్తిగా పోగొట్టకూడదు. పిడి చేయి జారినప్పుడు పడవ గాలికి ఎదురుగా తిరిగి ఆగిపోవడం మంచిదే. గాలివాలుకు తిరిగి, బూమ్ ఒక పక్క నుంచి మరో పక్కకు విసురుగా కొట్టడమే ప్రమాదం.

తూకం కుదిరిన పడవ ఎంత దూరం పోగలదో జాషువా స్లోకమ్ చూపించాడు. 1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి బయలుదేరి 1898 జూన్‌లో న్యూపోర్ట్ చేరిన ఆయన, ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి నావికుడు. ఆయన పడవ ‘స్ప్రే’ పొడవు సుమారు 37 అడుగులు. దానికి గాలిని బట్టి నడిపే యంత్రమేదీ లేదు. చుక్కానిని తాడుతో కట్టేసి, తెరచాపలను సర్ది వదిలేసేవాడు. థర్స్‌డే ద్వీపం నుంచి కోకోస్ కీలింగ్ దీవుల వరకు 2,700 మైళ్లు సాగిన 23 రోజుల్లో మొత్తం మీద మూడు గంటలకు మించి చుక్కాని పట్టుకోలేదని ఆయనే రాసుకున్నాడు. 1968–69లో ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో భూమిని చుట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్‌దీ ఇలాంటి అనుభవమే. ఆయన ‘సుహైలి’ బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ. దాని స్వయంచాలక చుక్కాని పరికరం దారిలో విరిగిపోతే, మిగిలిన దూరమంతా తెరచాపల తూకంతోనే నెట్టుకొచ్చాడు. ఈ రెండూ అడుగున పొడవాటి కీల్ (పక్కకు జారకుండా ఆపే రెక్క) ఉన్న బరువైన పడవలన్న సంగతి మాత్రం మరచిపోకూడదు. నేటి తేలికపాటి పడవ, కత్తిలాంటి పొట్టి కీల్‌తో, చురుగ్గా తిరుగుతుంది. అంతే చురుగ్గా దారీ తప్పుతుంది. దానికి సాయం కావాలి.

ఆ సాయాల్లో అన్నిటికన్నా చవకైనది పిడికి అడ్డంగా రెండు పక్కలా బిగించిన తాడు. దాని మధ్యభాగాన్ని పిడికి రెండు చుట్లు చుట్టి, చివరలు రెండు క్లామ్ క్లీట్లలో ఇరికిస్తే పిడి ఆ స్థానంలోనే నిలుస్తుంది. తోస్తే జారి, వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. ఇది పడవను నడపదు, ఉన్నచోట ఉంచుతుంది. అర నిమిషమో, నిమిషమో దొరుకుతుంది, చాలా పనులకు అది చాలు. దీనికంటే ఒక మెట్టు తెలివైనది షీటును పిడికి జోడించే పద్ధతి. పెద్ద తెరచాప షీటు నుంచి ఒక సన్నని తాడు గాలి వచ్చే పక్కన ఉన్న కప్పీ మీదుగా పిడికి వస్తుంది. ఎదుటి పక్క నుంచి సాగే రబ్బరు గొట్టం దానికి పోటీగా లాగుతుంది. పడవ గాలి వైపు తిరగబోతే షీటు మీద బరువు పెరిగి, పిడి గాలి వచ్చే పక్కకు కదిలి, అణియం మళ్లీ దిగువకు, అంటే గాలి పోయే వైపుకు, వస్తుంది. గాలి వాలుకు పోతే షీటు వదులై రబ్బరు గెలుస్తుంది. ఎదురుగాలిలోనూ పక్కగాలిలోనూ ఈ ఏర్పాటు ఆశ్చర్యపడేంత నమ్మకంగా పనిచేస్తుంది, వెనుకగాలిలో అంతగా పనిచేయదు. రబ్బరు బిగువును ఆ పడవకు తగినట్టు కుదర్చడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక లేనివారే ఇది పనికిరాదని అంటారు.

పిడిని ముందుకూ వెనక్కూ తోసే విద్యుత్ పైలట్ సులువైనదే. కానీ దానికి బ్యాటరీ కావాలి, ఉప్పునీటి జల్లు పడదు, పెద్ద అలల్లో ఆలస్యంగా స్పందిస్తుంది. గాలిరెక్కతో నడిచే పరికరం దీర్ఘ సముద్రయానానికి గొప్పది గానీ ఆరు మీటర్ల పడవ అమరానికి బరువైన భారం.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ సమయం ఇచ్చే పద్ధతికి పరికరమే అక్కర్లేదు. జిబ్ షీటును వదలకుండా, అణియం ఎదురుగాలిని దాటి అవతలి పక్కకు వచ్చేలా పడవను తిప్పితే జిబ్‌లో గాలి ఎదుటి పక్క నుంచి నిండి అది వెనక్కి ఉబ్బుతుంది. అప్పుడు పెద్ద తెరచాపను కొంత వదిలి, పిడిని గాలి పోయే పక్కకు కట్టేస్తే, జిబ్ అణియాన్ని దిగువకు తోస్తుంది, చుక్కాని దాన్ని గాలి వైపు తిప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పడవ నెమ్మదిగా పక్కకు జారుతూ దాదాపు నిలిచిపోతుంది. అంతవరకూ ఎగిరెగిరిపడిన పడవ ఒక్కసారిగా సద్దుమణిగినట్టు అనిపిస్తుంది. తెరచాప కుదించడానికి, పటం చూసుకోవడానికి, తినడానికి ఇదే సమయం. పొట్టి కీల్ ఉన్న పడవలు ఇందులో అంత స్థిరంగా కుదురుకోవు కాబట్టి, పిడి ఎంత కోణంలో కట్టాలో, పెద్ద తెరచాప ఎంత వదలాలో మామూలు గాలిలోనే ప్రయత్నించి పెట్టుకోవాలి.

ఇక పని అడిగే కాలం. ఇక్కడే తాళ్ల వాదన మొదలవుతుంది. ఒంటరిగా వెళ్లే పడవకు తాళ్లన్నీ స్తంభం నుంచి వెనక్కి, కూర్చునే చోటికి తెచ్చుకోవాలన్నది చాలామంది మొదట వినే సలహా. చుక్కాని దగ్గర నుంచి కదలకుండా తెరచాప ఎత్తడం, దించడం, కుదించడం సాధ్యమైతే అంతకంటే కావలసిందేముంది? సలహా తప్పు కాదు, కానీ దాని ఖరీదు ఎవరూ ముందు చెప్పరు. స్తంభం దగ్గరే లాగే హాల్యార్డ్ పైన ఒక్క చక్రం మీదే మలుపు తిరుగుతుంది. వెనక్కి తెచ్చిన హాల్యార్డ్ స్తంభం అడుగున ఒక కప్పీ, కేబిన్ పైకప్పు మీద మరొక కప్పీ, ఆపైన తాడును బిగబట్టే క్లచ్ దాటి వస్తుంది. ఒక్కో మలుపులో లాగే బలంలో పదోవంతు రాపిడికి పోతుందనుకుంటే, మూడు మలుపుల తర్వాత సుమారు 73 శాతమే మిగులుతుంది. ఎత్తేటప్పుడు ఈ నష్టాన్ని, తాడు చుట్టి పిడితో తిప్పే వించ్‌తో పూడ్చుకోవచ్చు. దించేటప్పుడు తాడును ఆ మలుపులన్నిటి గుండా లాక్కుపోవలసింది తెరచాప బరువొక్కటే. చిన్న పడవ తెరచాప బరువు ఎంతని? సగం దిగి, స్తంభం గాడిలో ఇరుక్కుని, గాలికి కొట్టుకుంటూ నిలిచిపోతుంది. నావికుడు అప్పుడు ముందుకు పరుగెత్తాలి. ఎందుకు తాళ్లు వెనక్కి తెచ్చాడో ఆ ప్రయోజనమే పోయింది.

అందుకే తాళ్లను వెనక్కి తేదలచినవారు బేరింగులున్న కప్పీలు వాడాలి, గాడికి పొడి కందెన పూయాలి, తెరచాప తలకు దించే తాడు ఒకటి కట్టి అదీ వెనక్కి తెచ్చుకోవాలి. స్తంభం అడుగున ఉన్న కప్పీ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. తాడు అక్కడ తొంభై డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి కప్పీ మీద పడే లాగుడు తాటి బిగువుకు సుమారు 1.4 రెట్లు ఉంటుంది. దాన్ని పడవ పైకప్పుకు రెండు మరలతో బిగించడం కన్నా స్తంభం పాదానికే, లేదా స్తంభం కింద వేసిన పలకకే కట్టడం మేలు. అప్పుడు పైకి లాగే బలం స్తంభం కిందికి నొక్కే బలంతోనే సరిపోతుంది.

నిజానికి తాళ్లు వెనక ఉన్నాయా ముందున్నాయా అన్నదానికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ఒక పనికి కావలసిన తాళ్లన్నీ ఒకేచోట ఉన్నాయా? హాల్యార్డ్ వెనక, కుదించేటప్పుడు తెరచాప ముందంచును తగిలించే కొక్కెం స్తంభం దగ్గర ఉన్న పడవ రెండు పద్ధతుల్లోని చెడునూ కలిపి తెచ్చుకున్నట్టే. అందులో హాల్యార్డ్ వదిలి ముందుకు పోవాలి, కొక్కెం తగిలించాలి, వెనక్కి వచ్చి హాల్యార్డ్ బిగించాలి, ఈలోగా కొక్కెం ఊడితే మళ్లీ పోవాలి. హాల్యార్డ్, కొక్కెం, కుదించే తాడు మూడూ స్తంభం దగ్గరే ఉన్న పాతకాలపు పడవలో ఒక్కసారి వెళ్లి, స్తంభానికి ఆనుకుని, నిమిషంలో పని ముగించుకుని రావచ్చు. దురదృష్టవశాత్తు కర్మాగారం నుంచి వచ్చే చాలా చిన్న పడవలు ఆ మధ్యరకం అమరికతోనే వస్తాయి.

తెరచాప కుదించడం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, గాలి బలం దాని వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 14 నాట్లయితే తెరచాప మీద బలం దాదాపు రెట్టింపు. 20 నాట్లయితే నాలుగింతలు. ఇద్దరున్న పడవలో ఒకరు అంచు మీద కూర్చుని ఒరుగును ఆపగలరు, ఒంటరివాడికి ఆ బరువు లేదు. కాబట్టి ఇద్దరు కుదించే గాలికి ముందే అతడు కుదించాలి. కుదించడం కష్టమైన పడవలో ఆ నిర్ణయం ఎప్పుడూ ఆలస్యమవుతుంది.

చిన్న పడవకు నప్పేవి రెండు పద్ధతులు. మొదటిది రెండు తాళ్లది: తెరచాప ముందంచున ఉన్న కన్నానికి ఒక తాడు, వెనుకంచున ఉన్న కన్నానికి ఒకటి, రెండూ వెనక్కి వస్తాయి. రెండోది ఒకే తాడుది: అది బూమ్ చివర మొదలై వెనుకంచు కన్నంలోకి ఎక్కి దిగి, బూమ్ పొడవునా ముందుకు వచ్చి, ముందంచు కన్నంలోకి ఎక్కి దిగి, వెనక్కి చేరుతుంది. ఒక్క తాడు లాగితే పని అయిపోతుందని వినడానికి బాగుంటుంది. అయితే 0.8 మీటర్ల మేర కుదించడానికి సుమారు 3.2 మీటర్ల తాడు లాగాలి, అదీ అన్ని మలుపుల రాపిడితో. పది చదరపు మీటర్ల లోపు తెరచాపకు ఇది ఫరవాలేదు; అంతకు మించితే రెండు తాళ్లదే మేలని చెప్పాలి. ఏ పద్ధతిలోనైనా వెనుకంచు తాడు బూమ్ మీద ఆగే చోటు, కుదించాక ఆ కన్నం నిలిచే చోటుకు కాస్త వెనకగా ఉండాలి. అప్పుడే తాడు తెరచాపను కిందికీ వెనక్కీ ఒకేసారి లాగుతుంది, అడుగంచు చదునుగా బిగుస్తుంది. ఈ చిన్న కొలత తప్పడం వల్లే కుదించిన తెరచాప సంచిలా ఉబ్బి, పడవ మునుపటికంటే ఎక్కువగా ఒరుగుతుంది.

హాల్యార్డ్ మీద ఎంత వదలాలో తెలిపే గుర్తు ఒకటి కావాలి. సిరా వెలిసిపోతుంది, రంగుదారంతో కుట్టిన గుర్తు చీకట్లో కూడా వేలికి తగులుతుంది. బూమ్‌ను కిందికి పట్టే తాడును, షీటును ముందు వదలాలి. తర్వాత హాల్యార్డ్ గుర్తు వరకు దించి, ముందంచును బిగించి, హాల్యార్డ్‌ను మళ్లీ గట్టిగా లాగి, చివర వెనుకంచును లాగాలి. ఈ వరుస తప్పితే తెరచాప చిరుగుతుంది. మొదటివాటిని వదలకుండా వెనుకంచును లాగేవాడు గాలితో బలాబలాలు తేల్చుకుంటున్నాడన్నమాట.

జిబ్ విషయంలో చుట్టుకునే పరికరం దాదాపు నిర్వివాదంగా గెలిచింది. ఒక తాడు లాగితే జిబ్, స్తంభాన్ని అణియానికి కట్టి ఉంచే తీగ చుట్టూ చుట్టుకుంటుంది, అణియం వద్దకు పోనక్కర్లేదు. డ్రమ్ములోకి తాడు లంబంగా చేరేలా దారి చూపడం, విప్పేటప్పుడు ఆ తాడును కాస్త బిగువుగా వదలడం చేయకపోతే చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుక్కుంటాయి. సగం చుట్టిన జిబ్ ఎదురుగాలికి పనికిమాలిన ఆకారంలో ఉంటుందన్నది దీని ఒప్పుకోక తప్పని లోపం. కొక్కేలతో తగిలించే పాత జిబ్‌ను తీసిపారేయనక్కర్లేదు: దాని తలకు ఒక సన్నని తాడు కట్టి, కొన్ని కొక్కేల గుండా కిందికి తెచ్చి, అణియంలో ఒక కప్పీ మీదుగా వెనక్కి మళ్లిస్తే, హాల్యార్డ్ వదిలి ఈ తాడు లాగగానే జిబ్ డెక్ మీదికి దిగి అక్కడే ఉంటుంది. కొన్ని మీటర్ల తాడు, ఒక కప్పీతో అయ్యే ఈ ఏర్పాటుకు దక్కవలసినంత గౌరవం దక్కడం లేదు.

జిబ్ షీట్లను గాలి వచ్చే పక్క కూర్చుని అందుకోగలగాలి. దిగువ పక్క క్లీట్ కోసం వంగితే ఒరిగిన పడవ మరింత ఒరుగుతుంది. అందుకే షీటును అడ్డంగా దాటించి ఎదుటి పక్క క్లీట్‌కు తెచ్చే పద్ధతి ఒంటరి పడవల్లో ఎక్కువ. దిశ మార్చేటప్పుడు పిడిని మోకాళ్ల మధ్య పట్టి, పడవను నెమ్మదిగా తిప్పి, కొత్త పక్కన గాలి నిండకముందే షీటును చేతితో లాగేస్తే వించ్ పిడితో పని ఉండదు. పెద్ద తెరచాప షీటు ఎప్పుడూ చేతికి అందే చోట, ఒక్క విదిలింపుతో ఊడే కామ్ క్లీట్‌లో ఉండాలి. గాలి ఎగిసిపడే రోజున చిన్న పడవలో దాన్ని క్లీట్‌లో పెట్టకపోవడమే ఉత్తమం. వెనుకగాలిలో బూమ్‌ను ఆపడానికి దాని చివర నుంచి అణియం మీదుగా వెనక్కి తెచ్చిన తాడు పనికొస్తుంది. గాలి మరీ బలంగా ఉంటే, బూమ్‌ను అటు నుంచి ఇటు కొట్టనివ్వకుండా, పడవను ఎదురుగాలి మీదుగా చుట్టు తిప్పి ఆ పక్కకు చేరుకోవచ్చు. దానివల్ల నామోషీ ఏమీ లేదు.

పడవ నుంచి పడిపోవడం గురించి మాట్లాడేటప్పుడు అంకెలే సరిపోతాయి. 5 నాట్ల వేగంతో పోయే పడవ పది సెకన్లలో 25 మీటర్లకు పైగా దూరం పోతుంది. బట్టలతో ఈదేవాడు దాన్ని అందుకోలేడు, వెనక్కి తిప్పేవారు ఎవరూ లేరు. ఎరిక్ తబార్లీ అంతటి పేరున్న ఫ్రెంచ్ నావికుడు 1998 జూన్‌లో తన పడవ ‘పెన్ డ్యూయిక్’ నుంచి రాత్రివేళ సముద్రంలో పడిపోయినప్పుడు పడవలో తోటివారు ఉన్నారు, అయినా కాపాడలేకపోయారు. ఆయన నడుముకు పడవతో కలిపి ఉంచే పట్టీ లేదు. ఒంటరివాడికి నడుము పట్టీ పడిపోయాక రక్షించేది కాదు, పడిపోకుండా ఆపవలసినది. పడవ పక్కన లాగబడుతున్న మనిషి ఆ వేగానికే మునిగిపోవచ్చు. అందుకే పట్టీని తగిలించే దారి డెక్ అంచుల వెంట కాక వీలైనంత మధ్యగా వేయాలి, పట్టీ పొడవు పడవ అంచు దాటనివ్వనంత పొట్టిగా ఉండాలి. ఆ దారికి గుండ్రని తాడు వాడితే కాలికింద దొర్లుతుంది; బల్లపరుపు నేత పట్టీ దొర్లదు, కానీ ఎండకు బలం కోల్పోతుంది కాబట్టి పని లేనప్పుడు విప్పి లోపల పెట్టాలి. అమరానికి ఉన్న మడత నిచ్చెనను నీటిలో ఉన్నవాడు ఒక తాడు లాగి దించుకోగలగాలి. పైనుంచి మాత్రమే విప్పగలిగే నిచ్చెన ఒంటరివాడికి లేనట్టే.

ఇంత అమరికా ఇద్దరి కోసం గీసిన పడవను ఒక్కరికి దిద్దడం. మొదటి నుంచీ ఒక్కరి కోసమే గీయడం మరో దారి. 4.2 మీటర్ల లేజర్ పడవకు జిబ్ లేదు, 7.06 చదరపు మీటర్ల ఒకే తెరచాప. బ్రిటిష్ నావికుడు బ్లాండీ హాస్లర్ 1960లో జరిగిన మొదటి ఒంటరి అట్లాంటిక్ పందేనికి తన 25 అడుగుల ‘జెస్టర్’కు చైనా పద్ధతిలో అడ్డకర్రలున్న ఒకే తెరచాప అమర్చాడు. దాన్ని డెక్ మధ్యలో ఉన్న గుండ్రని తలుపులో నిలబడి ఎత్తవచ్చు, దించవచ్చు, కుదించవచ్చు. హాల్యార్డ్ వదిలితే అడ్డకర్రలు వాటంతటవే ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కుదింపు అంటే అంతే. 48 రోజుల్లో రెండోవాడిగా అవతలి ఒడ్డు చేరాడు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ చాలా పెద్దదైన ‘జిప్సీ మాత్ III’లో 40 రోజుల్లో గెలిచాడు. ఎదురుగాలిలో అడ్డకర్రల తెరచాప కొంత వెనకబడుతుంది. ఆ నష్టానికి బదులుగా హాస్లర్‌కు దక్కింది డెక్ మీదికి వెళ్లవలసిన అవసరమే లేకపోవడం.

అమరిక పూర్తయిన పడవను పరీక్షించడానికి ఒంటరిగా వెళ్లకూడదు. మంద్రమైన గాలి ఉన్న రోజున, దేన్నీ ముట్టుకోకుండా కూర్చోగల స్నేహితుడిని గడియారంతో ఎక్కించుకుని వెళ్లాలి. పిడిని కట్టేసి, అణియం ముప్పై డిగ్రీలు పక్కకు పోయేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో ఒక కాగితం మీద రాయాలి. తెరచాప కుదించడానికి, జిబ్ దించడానికి, లంగరు వేయడానికి ఎన్ని పట్టిందో పక్కన రాయాలి. రెండో అంకె మొదటిదానికంటే పెద్దగా ఉన్న పని ఏదో, తర్వాతి కప్పీ ఏ పని కోసం కొనాలో ఆ కాగితమే చెబుతుంది. చాలా పడవల్లో అది ఎవరూ ఊహించని చోటే ఉంటుంది: రేవులో కట్టేటప్పుడు. అణియం తాడు, అమరం తాడు రెండూ పట్టుకుని ఒడ్డుకు దూకే ప్రయత్నం కన్నా, పడవ మధ్యలో ఒక బలమైన క్లీట్ బిగించి, దాని నుంచి ఒక్క తాడు ఒడ్డు మీది గుంజకు వేసి బిగిస్తే పడవ గోడకు ఆనుకుని నిలుస్తుంది. మిగిలిన తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు.